జైలు సాహిత్యంలో కనపడని వార్డరు

తెలుగులో జైలు సాహిత్యం అనగానే వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు, వరవరరావు ‘సహచరులు’ గుర్తుకొస్తాయి. రెండూ ఊచల లోపలి నుంచి చూసి రాసినవి. ఖైదీకి వార్డరు ముందు ఖాకీగా, తాళాల గుత్తిగా కనపడతాడు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. మా పేచీ జైలు రచనల మీద వచ్చిన విమర్శతో. ఖైదీల కులమేది, తెగ ఏది అని లెక్కలు తీసిన విమర్శకులు, ఆ తాళం వేసినవాడు ఎవరి బిడ్డ అని మేము చదివినంతలో అడగలేదు.

అడిగితే కథ ఎరుకలవాళ్ల దగ్గరికి పోతుంది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ చుట్టారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. ఊరు దాటాలంటే పాసు, పొద్దుగూకితే హాజరు. 1952లో చట్టం పోయింది. అలా హాజరు వేయించుకున్న తాతకు మనవడు ఎస్టీ రోస్టరులో వార్డరై, సాయంత్రం లాకప్ దగ్గర ఖైదీల లెక్క తీస్తే, ఆ కథ ఎవరు రాయాలి?

చట్టం పోయినా దాని వాసన జైలు రూల్సులో మిగిలింది. పశ్చిమ బెంగాల్ జైలు కోడ్ చూడండి: శిక్షపడ్డ ఖైదీల్లోంచి రాత్రి కాపలాకు మనిషిని ఎంచేటప్పుడు, పారిపోయే గుణం స్వభావంలోనే ఉంటుంది కాబట్టి సంచార తెగలవాళ్లను పెట్టకూడదట. కాపలాకు పనికిరాని పుట్టుక! జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇలాంటి రూల్సును కొట్టేసింది. మంచి తీర్పు, ఆలస్యపు తీర్పు. ఐతే అది ఖైదీల గురించిన తీర్పు. యూనిఫాం వేసుకున్నవాడిని తోటి సిబ్బంది ఏమంటారన్నది ఏ రూలులోనూ రాసి ఉండదు, కొట్టేయడానికి. దొంగచేతికి తాళాలిచ్చినట్టు అనే సామెత ఆ గేటు దగ్గర ఎవరి మొహం చూసి అంటారో వేరే చెప్పక్కర్లేదు.

కోయవాడు వార్డరైతే చిక్కు ఇంకోలా ఉంటుంది. గంజాయి కేసులోనో అడవి కేసులోనో వచ్చిన గూడెం మనిషికి తెలుగు అంతంతమాత్రం. కోర్టు వాయిదా, బెయిలు షరతు, ఒంట్లో నలత, అన్నీ ఈ వార్డరే కోయలో విడమరచాలి. దుబాసీ పనికి జీతం లేదు సరికదా, ‘మీవాడితో ఏం మాట్లాడావు’ అన్న అనుమానం ఒకటి. ములాఖత్‌కు వచ్చిన ముసలమ్మ వరస కలిపి పిలిస్తే పలకాలా, వద్దా? పలికితే పైవాళ్ల చూపు మారుతుంది, పలకకపోతే పండక్కి గూడేనికి పోలేడు.

మైదానపు విమర్శకులు ఇది అడగలేదంటే అర్థముంది. మనవాళ్ల కథల్లో మాత్రం జైలుకు పోయినవాడు వీరుడు, ఖాకీ తొడిగినవాడు ద్రోహి. మొదటిది నిజమే కావచ్చు. రెండోది బొత్తిగా సులువైన రాత. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగి, సెలక్షన్లలో పరుగు గెలిచి, జీతంలో సగం తమ్ముడి చదువుకు పంపేవాడు ఆ గేటు దగ్గరికి ఎలా వచ్చాడో చెప్పిన కథ మాకింకా దొరకలేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు పేరు పెట్టి రాయాలంటే కండక్టు రూల్సు అడ్డం. పేరు లేకుండా పంపండి, వచ్చే పుస్తకంలో వేస్తాం.