పోయే రంగు, పోని రంగు

మొన్న ఆదివారం మా మేనకోడలు రాజమండ్రి నుంచి కోరుకొండ వచ్చీ రాగానే ఒక చున్నీ నా ఒళ్ళో పడేసి, "ఇలాంటివి అమ్ముదామనుకుంటున్నా, చూసి చెప్పు అత్తా" అంది. తెల్లటి నూలు బట్ట. దాని మీద ఆకులు. అద్దినవి కావు, గీసినవీ కావు. ఆకు వచ్చి కాసేపు పడుకుని లేచి వెళ్ళినట్టు, ఈనెలతో సహా దాని ముద్ర. లేత టేకాకు ఉన్నచోట ఊదా ఛాయ, జామాయిల్ ఆకు ఉన్నచోట మట్టి రంగు. బట్టని పటిక నీళ్ళలో నానబెట్టి, ఆకులు పరిచి, పైపుకి చుట్టి, తాడు బిగించి ఆవిరి మీద ఉడికించిందట. ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఇండియా ఫ్లింట్ అనే ఆస్ట్రేలియా ఆవిడట. ఆవిడకి కలిసొచ్చిందీ జామాయిల్ ఆకేనట. మా ఊరి చుట్టూ ఉన్న జామాయిల్ తోటల్లో కర్ర పేపరు మిల్లుకి పోతుంది, ఆకు నేల రాలుతుంది. ఇన్నాళ్ళకి దాని మొహం ఎవరో చూశారు కదా అని సంతోషించాను.

ఆ సంతోషం చున్నీకి కట్టిన అట్టముక్క చదివేదాకానే. "నూటికి నూరుపాళ్ళు సహజం. కెమికల్స్ లేవు."

'కెమికల్స్ లేవు' అన్న మాట కనిపిస్తే ప్రశ్నలు వేయడం నా పాత జబ్బు. అడక్కుండా ఉండలేను. పటిక ఏమిటే మరి? కొట్లో పొట్లం కట్టిస్తే కెమికల్ కాకుండా పోతుందా? "అది వేరు అత్తా" అంది. ఎలా వేరో చెప్పలేదు. పైగా జాగ్రత్తల చిట్టా చదివింది. సబ్బు పెట్టకూడదు, ఎండలో ఆరేయకూడదు, నిమ్మరసం చుక్క పడకూడదు. ఇక వేసుకునేదెప్పుడు? నిలవని రంగు రంగేమిటని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను.

ఆ మాట నాది కాదు, మా అమ్మమ్మది. కొత్తపేట దగ్గర వాళ్ళకి అరటితోట ఉండేది. గెల నరికినప్పుడు కారే రసం ముందు నీళ్ళలాగే ఉంటుంది. బట్ట మీద పడ్డాక మెల్లగా గోధుమరంగు తిరిగి, చివరికి కాఫీ డికాక్షన్ రంగులో స్థిరపడుతుంది. అరటి కర పట్టిన చొక్కాని చాకిరేవులో బండకేసి ఎంత బాదినా బట్ట చిరగాల్సిందే గాని కర వదలదు. అందుకే గెలల పనికి వెళ్ళేవాళ్ళకి వేరే చొక్కా ఉండేది. దాన్ని చూస్తే మనిషి ఏ పని చేస్తాడో ఎవరూ చెప్పక్కర్లేదు. మంచి బట్టలు కట్టుకుని తోటలోకి వచ్చిన చుట్టాలని అమ్మమ్మ గట్టు దగ్గరే ఆపేసేది.

వంటింట్లోనూ అంతే. అరటికాయ తరగబోయే ముందు చేతులకి నూనె రాసుకునేది. ముక్కలు తరిగినవి తరిగినట్టే మజ్జిగ నీళ్ళలో పడాలి. ఇనప కత్తిపీట మీద ఒక్క ముక్క మరిచిపోయినా కాసేపటికి కాయకీ కత్తికీ మధ్య నల్లటి గీత. వగరుకీ ఇనుముకీ పడితే పుట్టేది నలుపే. ఇక చాకలి గుర్తు సంగతి చెప్పాలా? నల్లజీడి గింజలోకి సూది గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన రెండు చుక్కలో గీతో పెట్టి, పైన సున్నం అద్దేవాడు. పంచె చివికి మసిగుడ్డ అయినా ఆ గుర్తు మాత్రం ఉండేది. చెట్టు రంగు నిలవదన్నవాళ్ళు ఈ అరటి కరనీ చాకలి గుర్తునీ ఒక్కసారి వదిలించి చూపించాలి.

ఆ వగరూ ఇనుమూ కథే పెడన కలంకారీలో నలుపు. బట్టకి ముందు కరక్కాయ రసం పట్టిస్తారు. తుప్పు ఇనుమూ బెల్లం నీళ్ళూ కలిపి మురగబెట్టిన కసిం అచ్చుతో అద్దితే అక్కడ నల్లబడుతుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు కాబట్టి, గీత పాకకుండా కరక్కాయలో గేదెపాలు కూడా కలుపుతారు. పటిక అద్దిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాది పారే నీళ్ళలో పోవాలి. ఉడకబెట్టడం, జాడించడం, ఎండలో పరవడం, మళ్ళీ తడపడం. నడుములు పడిపోయే పని. ఉతికినా పోని ఈ రంగుల కోసమే ఒకప్పుడు డచ్చివాళ్ళు పాలకొల్లులో మకాం పెట్టారు. మన దేశపు అద్దకం బట్టలకి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో చట్టాలు చేసి మరీ అడ్డుకున్నాయి. ఆ కలంకారీ ఎరుపు చిరివేరుది. 1868లో జర్మన్లు ప్రయోగశాలలో అదే ఎరుపునిచ్చే ఎలిజరిన్ తయారుచేశాక వేళ్ళు తవ్వే పని మూలపడింది. ఇవాళ పెడనలోనూ చాలాచోట్ల ఎరుపు ఆ ఎలిజరిన్ పొడిదే. దానికీ 'సహజం' చీటీ కట్టేవాళ్ళున్నారు.

కాబట్టి ఆ చున్నీ మడిచి పక్కన పెట్టి పెడన బస్సెక్కమని మేనకోడలికి చెప్పాలి. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. కానీ ఆషాఢం అడ్డొచ్చింది. ఇంటిల్లిపాదీ గోరింటాకు పెట్టుకుంటాం. శ్రావణం వచ్చేసరికి గోళ్ళ చివర తప్ప మిగలదు. పండకపోతే బాధపడ్డవాళ్ళని చూశాను గాని, పోయిందని ఏడ్చినవాళ్ళని చూడలేదు. కొత్త బట్ట కట్టుకునే ముందు కొసకి పసుపు పెడతాం. సబ్బు తగిలితే అది ఎర్రబడుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. దాన్ని నాసిరకం రంగని ఎవరూ తిప్పి పంపలేదు. పోవడానికే పెట్టుకునే రంగులు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నాయి. అమ్మమ్మ కర పట్టకుండా ఎంత జాగ్రత్తపడేదో, ఆషాఢంలో గోరింటాకు అంత ఓపిగ్గా రుబ్బేది. ఆకు చున్నీ ఈ రెండో వరస చుట్టం. వెలిసిపోతే వచ్చే ఏడు మళ్ళీ ఆకులు పరుచుకోవచ్చు.

అందుకని అమ్ముకోమనే చెప్పాను. షరతులు రెండు. 'కెమికల్స్ లేవు' అన్నది కొట్టేసి, 'పటిక పెట్టాం, రంగు పోతుంది' అని ధర ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తే అంత పెద్దగా వెయ్యాలి. రెండోది ఆ ధర గురించి. పోని రంగు కోసం కాలవలో నడుములోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళ బట్ట కంటే పోయే రంగు బట్ట ఖరీదెక్కువ ఉండకూడదు. మొదటిదానికి ఒప్పుకుంది. రెండోదానికి "అలా అయితే గిట్టుబాటు కాదు అత్తా" అంది. పెడన వాళ్ళకి మాత్రం అవుతోందా?