బెర్ముడా త్రికోణం: రహస్యం వల్ల ఎవరికి లాభం?

అంతుపట్టని వింతల గురించి వచ్చే పుస్తకాలను నేను ఇష్టంగా చదువుతాను. ఈ మాట మన సభల్లో అంటే కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారు. 'మూఢనమ్మకాల సాహిత్యం' అని ముద్ర వేసి, చదవకుండానే తోసిపుచ్చడం మనలో చాలామందికి అలవాటు. చదవని పుస్తకం మీద తీర్పు చెప్పడం విమర్శ కాదు. పైగా మనం తోసిపుచ్చినంత మాత్రాన పాఠకుడు తోసిపుచ్చడు. 1980ల మొదట్లో 'తులసిదళం' మీద విమర్శకులు ఎంత మండిపడ్డా దాన్ని చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు.

ఈ కోవలో నాకు బాగా నచ్చిన పుస్తకం బెర్ముడా త్రికోణం మీద లారెన్స్ కుషే 1975లో వెలువరించిన గ్రంథం. ఫ్లోరిడా, బెర్ముడా, పోర్టోరికోల మధ్య అట్లాంటిక్ సముద్రంలో ఓడలూ విమానాలూ జాడ లేకుండా పోతున్నాయంటూ 1964లో విన్సెంట్ గాడిస్ 'ఆర్గసీ' పత్రికలో రాసి, దానికి ఆ పేరు పెట్టాడు. 1974లో చార్లెస్ బెర్లిట్జ్ పుస్తకం ఆ పేరును దేశదేశాలకూ మోసుకుపోయింది. బెర్లిట్జ్ చదివించే శక్తి గలవాడే, కాదనను. కాని ఆధారం చూపవలసిన చోట ఆశ్చర్యంతో సరిపెడతాడు.

కుషే అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ ఉద్యోగి. ఆయన చేసిందల్లా ప్రమాదాల నాటి పాత పత్రికలూ, వాతావరణ వివరాలూ, విచారణ నివేదికలూ ఓపికగా తిరగెయ్యడం. ప్రశాంతంగా ఉందన్న సముద్రంలో తుఫాను బయటపడింది. 1902లో త్రికోణం సిబ్బందిని మింగేసిందన్న 'ఫ్రేయా' ఓడ నిజానికి మెక్సికో పడమటి తీరం నుంచి బయలుదేరినది. అంటే అది పసిఫిక్ మహాసముద్రపు ఓడ! ఖండం అవతలి ఓడను ఇవతలికి లాక్కొచ్చిన ఈ కల్పనాశక్తి ముందు మన పేదరాశి పెద్దమ్మ ఏపాటిది?

అయితే కుషే రహస్యం ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగుతాడు. అభ్యుదయ విమర్శకుడు అక్కడ ఆగడానికి వీల్లేదు. 1963 ఫిబ్రవరిలో 'మెరైన్ సల్ఫర్ క్వీన్' అనే ఓడ టెక్సాస్ నుంచి బయలుదేరి, 39 మంది సిబ్బందితో సహా కనబడకుండా పోయింది. గాడిస్ తన వ్యాసం మొదలుపెట్టింది దీనితోనే. అది యుద్ధకాలంలో కట్టిన చమురు ఓడ. కరిగించిన గంధకం మొయ్యడానికి దాని లోపలి అడ్డుగోడలు తీసేసి ఒకే పొడవాటి ట్యాంకు అమర్చారు. ఆ ప్రయాణంలో అందులో ఉన్నది 15 వేల టన్నులకు పైగా సరుకు. పేలి ఉండవచ్చు, నడుం విరిగి ఉండవచ్చు, తలకిందులై ఉండవచ్చు అని తీరరక్షక దళం విచారణ మండలి చెప్పింది. అది సముద్రయానానికి తగిన ఓడ కాదన్న నిర్ణయాన్ని 1972లో అమెరికా అప్పీలు కోర్టు సమర్థించింది.

అంటే బెర్లిట్జ్ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆ తీర్పు వచ్చి రెండేళ్లయింది. 39 మంది శ్రామికుల చావును అంతుపట్టని శక్తి ఖాతాలో రాసేస్తే ఓడ యజమాని ఖాతా ఖాళీగానే మిగులుతుంది. ఈ సాహిత్యపు వర్గస్వభావం నాకు దయ్యాల్లో కాదు, ఇక్కడ కనబడుతుంది. దీన్ని పట్టుకోవాలంటే ముందు ఆ పుస్తకాలు చదవాలి.

ఆ విచారణ నివేదికను ముందు పెట్టుకుని మన రచయితలెవరైనా ఒక నవల రాస్తే మొదటి ప్రతి కొనేవాణ్ణి నేనే.