కరాచీ వీడియో, గద్వాల డప్పు

కరాచీ వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. బైకు మీద వచ్చిన ఇద్దరు ఒక బాబును ఎత్తుకుపోతారు. వెంటనే వెనక్కి తెచ్చి దించి, పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత తేలికో చూడండని ఒక బోర్డు చూపిస్తారు. పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రమది. ఎవరో చివరి భాగం కత్తిరించేశారు. మిగిలిన ముక్క 2018లో భారతదేశంలో ఫోన్ల వెంట తిరిగింది.

పిల్లల దొంగలొచ్చారన్న ఇలాంటి వదంతులకే ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రైన్‌పాడలో ఐదుగురు బలయ్యారు. అదే నెలలో బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వబోయిన బృందంపై జనం విరుచుకుపడితే హైదరాబాద్ యువకుడొకరు ప్రాణం కోల్పోయాడు.

ఆ ముక్కను పంపినవాళ్లంతా దుర్మార్గులు కారు. పక్కింటి పాపకేమవుతుందోనన్న ఆదుర్దాతో పంపినవాళ్లూ ఉంటారు. కోపాన్ని ఆపుకోవడం కంటే ప్రేమతో కదిలే వేలిని ఆపుకోవడం కష్టం. పైగా సరిహద్దు అవతలి సందు ఫోన్లో తమ సందులాగే కనిపిస్తుంది.

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో జనం ఆ వేసవిలో ఈ భయంతో ఆరుబయట పడుకోవడం కూడా మానేశారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరా పంపారు, గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో చేర్పించారు. వదంతులు నమ్మొద్దని డప్పు కళాకారులతో పాటలు పాడించారు. వీటన్నిటిలో డప్పే గొప్ప ఆలోచన. రాత్రిపూట ఒంటరిగా ఫోన్ చూసి బెదిరిన మనిషి నలుగురి మధ్య నిలబడి విన్నాడు. తన అనుమానాన్ని పైకి అడిగే వీలు చిక్కింది.

ఆ జులైలోనే వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి తెచ్చింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతటికీ విస్తరించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్ ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా చేసింది. ఆపై అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని సంస్థ ప్రకటించింది. ఇది నిషేధం కాదు, ప్రతిసారీ మళ్లీ ఎంచుకోవాల్సిన శ్రమ మాత్రమే. ఆ కాస్త శ్రమకే ఇంత తగ్గాయంటే, అంతకుముందు ఎన్ని ఆలోచన లేకుండా వెళ్లాయో!

కుటుంబ గ్రూపులో ఇలాంటి మెసేజ్‌ను ఆపడం మరీ కష్టం. పెద్దవాళ్లు పెట్టినదాన్ని అందరి ముందూ అబద్ధమంటే చిన్నబుచ్చుకుంటారు. విడిగా ఫోన్ చేసి "బాబాయ్, ఇది మీకెవరు పంపారు?" అని నెమ్మదిగా అడిగితే, ఆయన కూడా తనకు పంపినవాళ్లను అదే అడగవచ్చు.