శాలువా కప్పారు, కుర్చీ వేయలేదు

హైదరాబాద్‌లో జరిగే సాంస్కృతిక సభల ఆహ్వాన పత్రికలు ఓ పది తీసుకొని వరసగా చదవండి. ముఖ్య అతిథి, అధ్యక్షులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు - అందరికీ పేర్లుంటాయి. పేర్ల ముందు డాక్టర్లు, ఆచార్యులు. పేర్ల కింద పదవులు. శాస్త్రీయ నృత్యం ఉంటే నర్తకి పేరు, ఆమె గురువు పేరు, మృదంగం వాయించే ఆయన పేరు కూడా వేస్తారు. చాలా పత్రికల్లో అన్నిటికంటే కింద ఒక ముక్క కనబడుతుంది: 'సభకు ముందు జానపద కళారూపాల ప్రదర్శన'. ఆడేదెవరు? ఏ ఊరోళ్ళు? ఎవరి దగ్గర నేర్చుకున్నరు? పత్రిక చెప్పదు.

ఇది అచ్చులో జరిగిన పొరపాటు కాదు. నగర సాంస్కృతిక రంగాన్ని నడిపే వాళ్ళ మనసులో కళాకారుల వరస ఎట్లా ఉందో అదే కాగితం మీదికి దిగింది. ఒకరు 'కళాకారులు', మరొకరు 'కళారూపం'. కళారూపానికి పేరు అక్కర లేదు గదా!

ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే రెండు భాగవతాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

చిందోళ్ళు మాదిగలకు ఆశ్రిత కులం. ఒక్కో చిందు కుటుంబానికి కొన్ని ఊళ్ళ మీద మిరాశి ఉండేది. ఆ ఊళ్ళకు పోయి, మాదిగవాడలో దిగి, రాత్రంతా యక్షగానం ఆడి, తమకు రావలసిన త్యాగం అడిగి తీసుకునేవాళ్ళు. చెక్కతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి రంగు, దరువు, పద్యం, వచనం - అన్నీ ఉన్న సంపూర్ణ నాటకం వారిది. కూచిపూడి భాగవతులు కూడా ఒకప్పుడు మేళాలు కట్టుకొని ఊరూరా తిరిగి రాత్రిళ్ళు ఆడిన వాళ్ళే. వారిదీ యక్షగాన సంప్రదాయంతో ముడిపడిన కళే. తమ అగ్రహారం తానీషా ఇచ్చాడని వారు చెప్పుకుంటారు. చిందోళ్ళు తమ మిరాశి గురించి చెప్పుకుంటారు. రెంటిలోనూ కళ కులవృత్తి. రెంటిలోనూ విద్య తండ్రి నుంచి కొడుక్కి, ఇంటి నుంచి ఇంటికి వచ్చిందే.

ఒక తేడా మాత్రం ఉంది. పాత కూచిపూడి మేళాల్లో ఆడవాళ్ళకు చోటు లేదు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ స్త్రీ పాత్రలతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. చిందు మేళంలో ఆడవాళ్ళు ఆడతారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ కళకు మారు పేరుగా బతికింది. ఆమె ఆడ వేషాలతో పాటు మగ వేషాలు కూడా కట్టింది. స్త్రీ వేషం కట్టిన బ్రాహ్మణ పురుషుడి నటన మీద ఎన్ని వ్యాసాలు చదివాం? మగ వేషం కట్టిన చిందు స్త్రీ నటన మీద ఎన్ని చదివాం? లెక్క మీరే చూసుకోండి.

మరి కూచిపూడి 'శాస్త్రీయం', చిందు 'జానపదం' ఎట్లా అయ్యాయి? ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1958లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నృత్య సదస్సు జరిపింది. కూచిపూడి శాస్త్రీయ నృత్యమా కాదా అనే ప్రశ్న అక్కడ లేచింది. 1959లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాద్‌లో సదస్సు పెట్టి, అది శాస్త్రీయమేనని నిలబెట్టడానికి పూనుకుంది. విస్సా అప్పారావు, బందా కనకలింగేశ్వరరావు వంటి చదువుకున్న పెద్దలు పత్రాలతో, వాదనలతో నిలబడ్డారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. సిలబస్ వచ్చింది, పరీక్ష వచ్చింది, సర్టిఫికెట్ వచ్చింది. 2010 డిసెంబర్‌లో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. అంతమందికి నేర్పిన గురువులు ఎందరుంటారో, వాళ్ళ ఇళ్ళల్లో ఆ కళ ఎంత అన్నం పెడుతుందో ఆలోచించండి.

కూచిపూడి గొప్ప కళ కాదని ఎవరూ అనడం లేదు. దాన్ని 'శాస్త్రీయం' చేసింది నగరం. అందుకు సభ, అకాడమీ, పత్రిక, ప్రభుత్వ ధనం, ఇంగ్లీషులో రాయగలిగిన పెద్దమనుషులు కలిసి వచ్చారు. చిందు భాగవతం తరఫున ఆ సదస్సుల్లో వాదించే వకీలు లేడు. భరతుడి శాస్త్రానికి సరిపోతుందా లేదా అని చూశారే గానీ, జాంబవుడి పురాణానికి ఏ శాస్త్రం ఉందో అడిగిన వాళ్ళు లేరు.

తర్వాత కాలంలో కూడా ఇదే గీత కొనసాగింది. 1985లో హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని కింద కూచిపూడిలో ఒక పీఠం, వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం నడిచాయి. రెండూ అవసరమైనవే. అయితే మొదటి దాంట్లో ముఖ్యమైన పని ఆడటం నేర్పడం, రెండో దాంట్లో ముఖ్యమైన పని పరిశోధన. ఒకచోట కళాకారుడు గురువు, ఇంకోచోట కళాకారుడు సమాచారం ఇచ్చేవాడు. ఆయన పాడితే మనం టేపు చేసుకున్నాం, మనకు పట్టా వచ్చింది. ఆయనకేమొచ్చింది? ఈ ప్రశ్న మనలాంటి పరిశోధకులకే ముందుగా తగలాలి.

'జానపదం' అనే ముద్ర పడ్డాక కళకు ఏం జరుగుతుందో చూడాలి. మొదట పేరు పోతుంది. తర్వాత సమయం పోతుంది. రాత్రంతా ఆడే కథను పదిహేను, ఇరవై నిమిషాలకు కుదించమంటారు. అతిథి ఆలస్యమైతే ఇంకాసేపు ఎగరమంటారు, తొందరగా వస్తే ఆపేయమంటారు. దాంతో అన్నిటికంటే విలువైనది పోతుంది - వాదం. చిందోళ్ళు ఆడే జాంబపురాణం వినోదం కోసం పుట్టింది కాదు. భూమి కంటే ముందే జాంబవుడు పుట్టాడని, మాదిగల మూలపురుషుడు అతడేనని చెప్పే సృష్టికథ అది. ఎవరు ముందు, ఎవరు వెనక, ఎవరు ఎవరికి ఎందుకు అంటరాని వాళ్ళయ్యారు అని జాంబవుడు బ్రాహ్మణుడితో ఎదురు నిలబడి వాదిస్తాడు. మనుధర్మానికి మాదిగవాడ నడిబజార్లో ఇచ్చిన జవాబది. ఇరవై నిమిషాల ప్రదర్శనలో వాదానికి చోటు లేదు. వేషం మిగిలింది, గంతులు మిగిలినయి, ప్రశ్న మాయమైంది. రవీంద్రుడి శతజయంతి ఏడాది 1961లో మొదలైన రవీంద్రభారతి వేదిక మీద గానీ, శిల్పారామం పచ్చికలో గానీ జాంబవుడు బ్రాహ్మణుడితో తెల్లవార్లూ వాదించే రోజు వస్తే, అప్పుడు ఈ నగరం చిందు భాగవతాన్ని చూసిందని ఒప్పుకోవచ్చు.

'అవార్డులు ఇస్తున్నాం గదా' అంటారు. నిజమే. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు వచ్చింది. సంతోషించాల్సిందే. కానీ మొగులయ్య సంగతి చూడండి. డక్కలి కులంలో పుట్టి, పన్నెండు మెట్ల కిన్నెరను బతికించిన మనిషి. 2021లో ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు వినపడ్డాకనే నగరానికి ఆయన కనపడ్డాడు. మరుసటి ఏడాది పద్మశ్రీ, రాష్ట్ర ప్రభుత్వం నుంచి కోటి రూపాయల ప్రకటన. 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తున్నాడని పత్రికలు ఫోటోలు వేశాయి. చాలామంది 'అయ్యో' అన్నారు. కొందరు 'కోటి ఏం చేసిండు?' అని లెక్కలడిగారు. ఆయన కిన్నెర నేర్పి బతికే ఏర్పాటు ఏదని అడిగిన గొంతులు తక్కువ. బిరుదు ఒక రోజు పండుగ. బతుకుదెరువు నెల నెలా కావాలి. దానంగా ఇచ్చినదానికి లెక్కలు అడుగుతారు. జీతంగా ఇస్తే ఎవరూ అడగరు.

అట్లాగని పాత మిరాశిని నెత్తిన పెట్టుకోవాలని కాదు. మిరాశి హక్కే గానీ, కులం గీసిన గీత లోపలి హక్కు. ఎల్లమ్మ కొలుపు నాడు చిందు స్త్రీ ఎల్లమ్మ వేషం కడితే ఊరు మొక్కుతుంది. తెల్లారితే ఆమె మళ్ళీ అంటరానిదే. డప్పు కూడా అంతే. చచ్చిన పశువు తోలు తీసి, డప్పు కట్టి, మంట మీద కాచి, చిర్రతో, చిటికెన పుల్లతో దరువు పలికించే విద్య వెనక ఊరి చావులకు, చాటింపులకు కూలి లేకుండా కొట్టిన వెట్టి కూడా ఉంది. అందుకే చావుకు డప్పు కొట్టమని మన యువకులు తెగేసి చెప్పినప్పుడు అది కళకు ద్రోహం కాదు, ఆత్మగౌరవం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును భుజాన వేసుకొని హక్కుల మాట చాటింది. డప్పు అదే, చాటింపు మారింది.

ఇక మన లోపలి మాట కూడా చెప్పుకోవాలి. మన ఊళ్ళ డప్పును, గొంగడిని, పాటను నగరం వేదికల మీదికి తెచ్చిన వాళ్ళలో 1972లో పుట్టిన జననాట్యమండలిది, గద్దర్‌ది పెద్ద చేయి. 2023లో గద్దర్ పోయాడు. 2025లో ఆయన పేరుతో ప్రభుత్వం అవార్డులు ఇచ్చింది - సినిమాలకు! తెలంగాణ ఉద్యమంలో ధూంధాం లేకుండా సభ నడవలేదు. రాష్ట్రం వచ్చాక 2014లో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు. కళాకారుడికి నెల జీతం అనేది చిన్న విషయం కాదు, దాన్ని కాపాడుకోవాలి. కానీ వారి పని ప్రభుత్వ పథకాలను పాడటమైంది. ప్రశ్నించిన పాట ప్రచారం పాటగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

దళిత సభల్లో మాత్రం ఏం జరుగుతోంది? ఊరేగింపు ముందు డప్పులు, సభ మొదలవగానే డప్పులు బంద్. ఎండలో నాలుగు గంటలు కొట్టిన వాళ్ళు వేదిక పక్కన నేల మీద కూసుంటరు. వేదిక మీద కుర్చీలు మేధావులవి, నాయకులవి. చార్జీల డబ్బులు చివర్లో ఎవరు ఇస్తారో తెలియక వాళ్ళు నిర్వాహకుల వెంట తిరుగుతరు. మాదిగల కథను తరతరాలుగా మోసిన డక్కలి, చిందు కుటుంబాలను మాదిగలు ఎంత దూరం పెట్టారో కూడా దాచుకోవద్దు. మనకు చరిత్ర చెప్పినవాడిని మన గడపకు అవతల నిలబెట్టాం. అగ్రవర్ణాలను నిలదీసే నోటితోనే ఈ మాటా ఒప్పుకోవాలి. లేకపోతే మన విమర్శకు బలం ఉండదు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఆడేవాళ్ళ పేర్లు, వాళ్ళ గురువుల పేర్లు పత్రికలో అచ్చు వేయాలి. పారితోషికం ఎంతో ముందే రాసి ఇవ్వాలి, శాస్త్రీయ కళాకారులకు ఇచ్చే కొలతతోనే ఇవ్వాలి. చిందు, కిన్నెర, డప్పు నేర్పడానికి విశ్వవిద్యాలయాల్లో ఆ కళాకారులనే డిగ్రీతో పని లేకుండా అధ్యాపకులుగా పెట్టాలి. ఏ కళకు ఎంత డబ్బు, ఎంత సమయం అని తేల్చే కమిటీల్లో వాళ్ళు కూసోవాలి. కథను ముక్కలు చేయకుండా పూర్తిగా ఆడనివ్వాలి. పత్రికలు రాసే మనం ఫోటో వేసి ఊరుకోకుండా, ఆట ఎట్లా ఉందో, ఎక్కడ బాగుందో, ఎక్కడ తేలిపోయిందో విమర్శ రాయాలి. తప్పు పట్టగలిగినంత శ్రద్ధగా చూడటం కూడా గౌరవమే.

వీటిలో కొన్ని ప్రభుత్వం చేయాల్సినవి. మొదటిది మాత్రం మన చేతిలోనే ఉంది. వచ్చే ఏప్రిల్ 14కు మీ ఊళ్ళో, మీ హాస్టల్లో, మీ కాలేజీలో కరపత్రం వేస్తారు గదా. వక్తల పేర్ల కంటే ముందు డప్పు కొట్టే వాళ్ళ పేర్లు రాయండి. వేదిక మీద వాళ్ళకు కుర్చీలు వేయండి. శాలువా సంగతి తర్వాత చూద్దాం.