చెరకు బండి పోయిన దారి

ఎంత సన్నని దారివమ్మా నువ్వు! పట్టాకూ పట్టాకూ నడుమ రెండే అడుగులు. ఆ ఇరుకు సందులోంచే ఒక దీవి తీపంతా సముద్రం దాటిపోయింది. లౌటోకా మిల్లు పొగల కింద, బా నది ఒడ్డున రారావై గానుగల చెంత, సింగటోకా లోయ పచ్చని ఒడిలో, ఫిజీ నేల నుదుటిన ఇనుప గీతవై సాగినదానా, ఆ రాత రాసిందెవరు?

సిడ్నీ నుంచి వచ్చిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. నుదుళ్లు మాత్రం మనవాళ్లవి. 1879లో లియోనిడాస్ ఓడ కలకత్తా కూలీలను దింపింది. 1903 నుంచి మద్రాసు రేవు కూడా మనుషుల్ని పంపింది. వాళ్లలో విశాఖపట్నం జిల్లా తెలుగువాళ్లూ ఉన్నారు. ఐదేళ్ల గిర్మిట్ ఒప్పందానికి కట్టుబడి, చీకటితో లేచి, కత్తిపట్టి, నరికిన చెరకును ట్రక్కులకెత్తారు. చేలలోకి పరిచే పట్టాలు ఊడదీసే రకం. ఒక చేను కోత కాగానే వాటిని భుజాలకెత్తుకుని మరో చేనికి మోసేవాళ్లు. మనిషిని మోయాల్సిన రైలును అక్కడ మనిషే మోశాడు! ఆ భుజాల కాయలను ఏ మ్యూజియం భద్రపరుస్తుంది?

రారావై నుంచి కవనంగసౌ దాకా నడిచిన జనం బండికి మాత్రం టిక్కెట్టు లేదు. కంపెనీ ఉదారత అనుకునేరు, ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో షరతు అది. అయినా ఎంతమంది పెళ్లికూతుళ్లు, ఎన్ని కూరల గంపలు, ఎందరు చంటిబిడ్డలు ఆ ఉచితపు గాలిలో ఊగి ఉంటారో!

1973లో కంపెనీ వెళ్లిపోయింది. చెరకు క్రమంగా లారీలకెక్కింది. పట్టాల మధ్య గడ్డి మొలిచి, స్లీపర్లు చివికి, వంతెనలు ఒరిగాయి. 1912లో లీడ్స్‌లో హడ్స్‌వెల్ క్లార్క్ కంపెనీ తయారుచేసిన 'ఫిజీ' అనే ఆవిరి ఇంజను మాత్రం ఇంగ్లండులోని స్టాట్‌ఫోల్డ్ చేరి, రంగులద్దుకుని నిగనిగలాడుతోంది. దాన్ని బతికించిన చేతులకు దండం; ఆ ప్రేమ అబద్ధం కాదు. కానీ ఇంజను పుట్టిన ఊరూ ఏడూ ఇంత కచ్చితంగా తెలుస్తుంటే కడుపు మండుతుంది. ఫిజీ రాజధాని సువాలో దాచిన కూలీల వలస పాసుల్లోనూ పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చ ఉన్నాయి. ఊరి పేరు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడింది. ఆ అక్షరాలు కూడబలుక్కుంటూ మునిమనవలు ఇప్పటికీ పల్లెలు వెతుక్కుంటున్నారు.

మిగిలిన పట్టాల మీద చెరకు బండిని నడవనివ్వండి. గాజు తలుపుల వెనక నిలబెట్టడానికి అదేం బొమ్మ కాదు. బరువు మోయడమే దాని బతుకు.