గడప దాటిన మాట

ఒకవైపు 65.6, మరోవైపు 61.1. రెండు భాషలో అంతకన్నా ఎక్కువో మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా లక్షణాలు మొదలైన సగటు వయసు మొదటిది. ఒక్క భాషతోనే బతుకు వెళ్ళదీసినవాళ్ళది రెండోది. నడుమ నాలుగున్నరేళ్ళ ఎడం. మనవరాలి పేరు టక్కున నోటికి రావడానికీ, ఆ పిల్ల ముఖం చూస్తూ తడుముకోవడానికీ మధ్య ఓ ఇంటికి దక్కే కాలం అది. పొడి అంకెలే. కాని వాటిలోని కరుణకి విశేషణాలు అక్కర్లేదు.

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరా నుంచి థామస్ బాక్, మరికొందరు కలిసి చేసిన పని ఇది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చింది. మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది కేసు షీట్లు తిరగేశారు. అందులో 391 మందికి ఒకటికి మించి భాషలు వచ్చు. ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో రోగి చెప్పలేడు, ఇంట్లోవాళ్ళని అడగాల్సిందే. మన ఇళ్ళలో ఎవరు తారీఖులు చెబుతారు? “మా చిన్నోని పెండ్లప్పుడు మంచిగనే ఉండె మేడం, ఆ తర్వాతనే గిట్ల అయింది” అన్న ధోరణిలోనే కదా మన లెక్కలన్నీ. పెళ్ళిళ్ళూ చావులూ పురుళ్ళూ ఆనవాళ్ళుగా సాగే ఇలాంటి కాలగణనలోంచి దశాంశం దాకా తేలిన సగటు తీయడం ఎంత ఓపికతో చేసిన పనో ఊహించుకోవచ్చు. ఆ ఓపిక వ్యాసంలో ఎక్కడా బయటపడదు. మంచి శిల్పి ఉలిదెబ్బ కనబడనివ్వడు.

దీనికి పూర్వరంగం టొరంటోలో జరిగింది. 2007లో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల్ని పరిశీలించి ఇలాగే సుమారు నాలుగేళ్ళ తేడా చూపించింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్ళలో చాలామంది వలస వచ్చినవాళ్ళు. సముద్రాలు దాటి కొత్త దేశంలో నిలదొక్కుకున్న మనిషికి ఒళ్ళూ గుండె నిబ్బరమూ మొదట్నుంచే గట్టివేమో, ఆ ఘనత భాషకి ఎలా కట్టబెడతాం? ఈ అనుమానం టొరంటోలో తీరేది కాదు.

హైదరాబాద్‌లో తీరింది. క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఈ పరిశోధనకి ఊరే ఔచిత్యం. ఇక్కడ రెండో భాష కోసం ఎవరూ ఓడ ఎక్కనక్కర్లేదు, గడప దాటితే చాలు. కుతుబ్‌షాహీల నాటినుంచీ తెలుగు పక్కనే దక్కనీ ఉంది. నిజాం రాజ్యంలో మరాఠీ, కన్నడ సీమలూ కలిసే ఉన్నాయి. కచేరీ కాగితం ఉర్దూలో నడిచింది, ఇంట్లో మాట ఇంట్లోదిగానే సాగింది. పుట్టిన ఊళ్ళోనే ఉంటూ రెండు మూడు భాషల మధ్య మసలే జనం కావాలంటే ఇంతకన్నా తగిన చోటు ఎక్కడ దొరుకుతుంది?

నన్ను కట్టిపడేసింది మాత్రం చదువురానివాళ్ళ లెక్క. రెండు భాషలు వచ్చినవాడు సాధారణంగా బడికి వెళ్ళినవాడై ఉంటాడు, కాబట్టి మేలు చదువుదా భాషదా అన్న చిక్కు ఎక్కడైనా ఉంటుంది. పలక ముట్టనివాళ్ళని విడిగా తీసి చూస్తే తేడా తగ్గలేదు సరికదా, ఆరేళ్ళకి పెరిగింది! బేగంబజార్‌లో కూరగాయలమ్మే ఒక అవ్వని తలుచుకోండి. పక్క కొట్టామెతో తెలుగులో వేళాకోళం, గిరాకీతో దక్కనీలో బేరం, మార్వాడీ సేటు వస్తే సగం సగం హిందీ. ప్రతి మలుపులోనూ ఒక భాషని నోటికి రానివ్వాలి, మేలుకునే ఉన్న రెండోదాన్ని పంటి బిగువున ఆపాలి. రోజంతా తెలియకుండా సాగే ఈ ఆపడమూ వదలడమే మెదడుకి సాధన అవుతోందని పరిశోధకుల ఊహ. అవ్వకి ఎవరూ పట్టా ఇవ్వలేదు. ఆమె చదువు ఏమిటో ఈ పట్టికలో ఒక వరుస చెబుతోంది.

వెంటనే వ్యాసం ఒక చురకా వేస్తుంది. రెండుకి మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం కనబడలేదట. బహుభాషా కోవిదులమని బిరుదులు తగిలించుకునేవాళ్ళు ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి.

ఇదే 2013లో, ఇదే ఊళ్ళో, ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీ శాస్త్రవేత్తలు మరో వ్యాసానికి చేయి కలిపారు. తంగరాజ్, లాల్జీ సింగ్ ఇక్కణ్ణుంచి, ప్రియా మూర్జానీ, డేవిడ్ రైక్ అమెరికా నుంచి. భారత ఉపఖండంలో 73 సమూహాల జన్యువుల్ని చదివి, సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఇక్కడి జనం విస్తారంగా కలిసిపోయారని, ఆ తర్వాత ఆ కలయిక దాదాపు ఆగిపోయిందని తేల్చారు. కాలాన్ని కొలిచిన తీరు ముచ్చటైనది. రెండు వంశాలు కలిసిన తొలి తరంలో తల్లివైపు, తండ్రివైపు క్రోమోజోములు నిలువు నిలువునా వేరుగా ఉంటాయి. తర్వాత తరతరానికీ అవి తెగి ముక్కలు మార్చుకుంటాయి. పాతచీరల బొంతని ప్రతి తరమూ విప్పి, ఇంకా చిన్న ముక్కలు చేసి మళ్ళీ కుట్టినట్టు. ముక్క ఎంత చిన్నదైతే కలయిక అంత పాతది. రాతిశాసనం లేని చరిత్రని ముక్కల పొడవుతో చదివారు.

కలయిక ఆగిపోయిన తర్వాతి కథ ఆపరేషన్ బల్ల దాకా వస్తుంది. మన వైశ్య కుటుంబాల్లో కొందరికి మత్తు సమయంలో ఇచ్చే ఒక రకం కండరాల సడలింపు మందు మామూలు వేళకి విడవదు. దాన్ని విరిచే ఎంజైము వాళ్ళలో లోపిస్తుంది. తరతరాలుగా పెళ్ళి గిరి దాటనందుకు ఒంట్లో మిగిలిన గుర్తు అది.

ఈ రెండు వ్యాసాలూ ఒకదాన్నొకటి ఎరగవు. పక్కపక్కన పెట్టి చదివితే ఏ ఒక్కదానిలోనూ లేని ధ్వని పుడుతుంది. ఒకటి పెళ్ళిపందిరి దగ్గర ఎప్పుడో మూసిన తలుపు గురించి, రెండోది బజారులో ఎప్పుడూ మూయని నోటి గురించి. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఆ అవ్వ వంశం రెండువేల ఏళ్ళుగా కులం గీత దాటి ఉండకపోవచ్చు. ఆమె నోరు మాత్రం పొద్దున్నే గంప దించేలోపు మూడు గీతలు దాటేస్తుంది. అద్భుతరసం అంటూ ఒకటుంటే నాకిక్కడే దొరికింది.

దోషాలు చెప్పకపోతే విమర్శ కాదు, భజన అవుతుంది. నిమ్స్ పని ఆస్పత్రి దాకా రాగలిగినవాళ్ళ గురించి, అదీ వెనక్కి తిరిగి చూసిన లెక్క. చదువు, ఉద్యోగం, ఆడామగా, పల్లె పట్నం తేడాలన్నీ గణితంతో సరిచేసిన మాట నిజమే. కాని ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన పరిశోధనలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదు, వాదం ఇంకా నడుస్తోంది. భాష కవచమా, ఆ భాషలు కావలసివచ్చిన బతుకు కవచమా అన్నది పూర్తిగా విడదీయలేదు. నా మటుకు నాకు అది విడదీయరానిదనే అనుమానం.

అయినా ఈ బృందం మీద నా గురి పెంచింది 2016లో వాళ్ళే రాసిన తరువాయి. ఈసారి పక్షవాతం వచ్చిన 608 మంది. ఆ దెబ్బ తర్వాత కూడా జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలవాళ్ళలో 40.5 శాతం, ఒక్క భాషవాళ్ళలో 19.6 శాతం. రెట్టింపు పైమాటే. మరి మాట పడిపోవడం? అందులో ఇద్దరికీ తేడా లేదు. భాషల గురించి రాస్తున్న వ్యాసంలో భాష భాషనే కాపాడలేదని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. పొగడ్తకి లొంగే రచయిత ఆ వరుసని అడుగున చిన్న అక్షరాల్లో దాచేవాడు. వీళ్ళు సంగ్రహంలోనే, అందరికీ కనబడేలా పెట్టారు.