దానియేలు పేరు, స్వేరో పేరు: గురుకుల విద్యపై ఒక విమర్శనాత్మక పరిశీలన

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును మనము సాధారణంగా ఆహార నియమముల దృష్టితో బోధిస్తాము. రాజు భోజనము వద్దన్న యౌవనుల భక్తిని యూత్ మీటింగులలో ఉదాహరిస్తాము. అయితే ఆ అధ్యాయములో ఉన్నది ఒక విద్యార్థి సహాయ పథకమని మేము చాలా ఆలస్యంగా గ్రహించాము. చెరపట్టబడిన జాతి యౌవనులకు మూడేండ్ల శిక్షణ, రాజు ఖర్చుతో భోజనము, కల్దీయుల విద్య, కల్దీయుల భాష, చివరకు రాజు కొలువు. చెల్లించవలసినది పేరు మాత్రమే. దానియేలు బెల్తెషాజరు అయ్యాడు. భోజనమును కాదన్న అతడు చదువును కాదనలేదు. క్రొత్త పేరు మోస్తూనే, తన దర్శనములను చెప్పునప్పుడు మాత్రము దానియేలుగానే మాట్లాడాడు.

ఈ దృష్టితోనే తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులములలో పుట్టిన స్వేరో ఉద్యమమును పరిశీలించాలని మా ఉద్దేశము. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మన సంఘముల పిల్లలు అనేకులు గురుకులములలోనే చదువుతున్నారు గనుక ఇది మనకు దూరపు విషయము కాదు.

ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుండి 2021 వరకు ఈ గురుకులముల సంస్థకు కార్యదర్శిగా ఉన్నారు. ఆ కాలములోనే సాంఘిక సంక్షేమమును సూచించు ఆంగ్ల అక్షరములకు ఆకాశమును స్ఫురింపజేయు గ్రీకు మూలపదమును కలిపి స్వేరో అను పేరు పుట్టింది. పిల్లలు దానిని ఇంటిపేరు వలె తమ పేరు ప్రక్కన వ్రాసుకున్నారు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరమెక్కారు. 2016లో ప్రధానంగా ఎస్సీ బాలికల కోసం 30 గురుకుల డిగ్రీ కళాశాలలు ప్రారంభమయ్యాయి. హాస్టల్ పిల్లలు అని చులకనగా పిలువబడిన వారు తమకు తామే పేరు పెట్టుకొనుట చిన్న సంగతి కాదు. కొందరు దైవసేవకులు ఈ ప్రతిజ్ఞలను, భీమ్ దీక్షలను క్రొత్త మతముగా అనుమానిస్తారు. మాకా భయము లేదు. తలవంచుకొని నడిచిన పిల్ల తలెత్తితే సువార్తకు కలిగే నష్టమేమిటో మాకు అర్థము కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలలో నల్లజాతి విద్యార్థుల కోసం ఉమోజా అను కార్యక్రమము నడుచుచున్నది. ఉమోజా అనగా స్వాహిలి భాషలో ఐక్యత. ఆ విద్యార్థుల పూర్వీకులలో అత్యధికులు పశ్చిమ, మధ్య ఆఫ్రికాల నుండి తేబడినవారు. స్వాహిలి తూర్పు ఆఫ్రికా భాష. అంటే అదీ స్వేరో వలెనే కోరి తెచ్చుకున్న పేరే. కాని ఉమోజా పేరుతో ఆగలేదు. నల్లవారి చరిత్రను, సాహిత్యమును, మాటతీరును పాఠము మధ్యలోకి తెచ్చింది. ఇంటి అరుగు మీద కూర్చున్నట్లు మనసు విప్పి మాట్లాడుకొనుటను సైతము ఒక బోధనా పద్ధతిగా స్వీకరించింది.

స్వేరో ఉద్యమములో మాకు కనబడిన లోటు ఇక్కడే. అది పిల్లకు అంబేద్కరును ఇచ్చింది, శిఖరమును చూపించింది, ఇంగ్లీషు నేర్పింది. ఇంటి అరుగును మాత్రము ఇంటి దగ్గరే ఉంచింది. మహబూబాబాద్ తండా నుండి వచ్చిన అమ్మాయి గోర్‌బోలి, గంగారం, కొత్తగూడ ప్రాంతపు కోయ బాలుని మాట తరగతి గది గడప దాటి లోనికి రావు. జనగామ ప్రాంతములో చిందువారు, డక్కలివారు చెప్పే జాంబపురాణము మాదిగ పిల్లలకు తమ పుట్టుక గూర్చిన కథ. డిగ్రీ చదివే మాదిగ అమ్మాయిని దాని గూర్చి అడిగితే సిగ్గుపడింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరును 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయమునకు పెట్టారు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో ఉన్న ములుగులో సమ్మక్క సారక్క పేరుతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వచ్చింది. సంతోషమే. కాని పేరు గేటు మీదికి ఎక్కుట వేరు, ఆ జనుల మాట పాఠములోనికి దిగుట వేరు.

ఇంత చెప్పి మన సంగతి దాచుట న్యాయము కాదు. మేము పెరిగిన క్రైస్తవ హాస్టల్లో దప్పు ముట్టినవానికి దెబ్బలు పడేవి. అది దయ్యముల వాద్యమని వార్డెను గారి మాట. మా తండ్రి దప్పు వాయించేవాడని సెమినరీలో చేరిన తరువాత కూడ ఎవరికీ చెప్పలేదు. బబులోను పని మనమే చేసుకున్నాము.

పేరు విషయము మరింత చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు. అతడు మన రాష్ట్రములో బీసీ-సి. గిరిజనునికి ఈ అడ్డంకి లేదు. అందువలన సంఘములో ఎస్తేరు సర్టిఫికెట్టులో మరొక పేరు, కళాశాలలో స్వేరో. మూడు పేర్లు మోసే ఈ పిల్లను అబద్ధికురాలని పుల్పిట్ మీద నుండి గద్దించుట సులభము. దానియేలునైతే మనము ఎన్నడూ అలా అనలేదు.

వేరే మాదిరి మన మధ్యనే ఉన్నది. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పైన అజరయ్య తమిళుడు. ఆయన దోర్నకల్‌లో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్‌లో దేవాలయ స్తంభములు, మసీదు గుమ్మటములు సిలువతో కలిసి ఉన్నవి. ఈ నేల రూపములతోనే ఆరాధింపవచ్చునని ఆ రాళ్లు ఎనభై ఏండ్లకు పైగా చెప్పుచున్నవి. మహబూబాబాద్ వెళ్లే రైలులో నుండి ఎన్నిసార్లు చూచినా ఆ మాట మా హాస్టళ్లలోనికి తేవాలని మాకు తోచలేదు.

గత క్రిస్మస్‌కు మా సంఘములోని డిగ్రీ విద్యార్థులు ఆరాధనలో దప్పు వాయిస్తామని అడిగారు. తబల ఉండగా దప్పు ఎందుకని పెద్దలు అన్నారు. వాదన పెరిగింది. మేము పిల్లల ప్రక్కన మాట్లాడాము గాని గట్టిగా మాట్లాడలేదు. విషయము కమిటీ ముందున్నది. ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది.